సాల్మన్ పక్కన ఏం పోయాలి

మా చెల్లెలు హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో చాలా ఏళ్ళు పనిచేసింది. భోజనానికి కూర్చున్నవాళ్ళు ఏం తింటున్నారో చూసి, దానికి ఏ వైన్ బాగుంటుందో చెప్పి, సీసా తెచ్చి గ్లాసులో పోయడం ఆమె ఉద్యోగం. ఏలూరులో మేముండే వీధిలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. అమ్మే తెలియనివ్వలేదు. ఎవరైనా అడిగితే హోటల్లో ఆఫీసు పని అనేది.

మాది తాతల నాటి నుంచి మిషన్ చర్చికి వెళ్ళే కుటుంబం. నాన్న మిషన్ బడిలో టీచరుగా చేసి పోయారు. నేనూ టీచర్నే, లెక్కలు చెబుతాను. అమ్మ చర్చికి చేసే సేవ ఒక్కటే: ప్రభు బల్ల ఆరాధనలో రొట్టెతోపాటు అందరికీ పంచే ద్రాక్షరసం చెయ్యడం. నల్ల ద్రాక్ష తెప్పించి, కాడలు తీసి, కడిగి, ఉడికించి, తెల్లగుడ్డలో పిండుతుంది. ఆ పని చేసేటప్పుడు మాతో కూడా మాట్లాడదు. పెదవులు మాత్రం కదులుతుంటాయి. అలాంటి ఇంటి పిల్ల వైన్ పోస్తుందని తెలిసిన రోజున అమ్మ కోప్పడలేదు. "ఈ మాట ఇక్కడ ఎక్కడా అనకమ్మా" అంది, అంతే. చెల్లెలు సరేనంది. వాళ్ళిద్దరి మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు.

తర్వాత ఆ జ్వరాల కాలం వచ్చింది. చెల్లెలికి జ్వరం తొందరగానే తగ్గింది. వాసన మాత్రం పోయింది. ఆమెతోపాటు జ్వరపడ్డవాళ్ళందరికీ కొన్ని వారాల్లో తిరిగొచ్చింది, ఆమెకు రాలేదు. హోటల్ వాళ్ళు మంచివాళ్ళే. కొన్నాళ్ళు ఆగారు, తర్వాత రిసెప్షన్లో కూర్చోమన్నారు. ఆమె అక్కడ కూర్చుని, తను పోయాల్సిన గ్లాసులు ఇంకొకరు పోస్తుంటే చూడలేక రాజీనామా చేసి ఇంటికొచ్చేసింది.

ఇంటికొచ్చిన మొదట్లో నాకు ఆమె బాధ సరిగా అర్థం కాలేదు. కళ్ళు పోలేదు, చెవులు పోలేదు, మనిషి ఆరోగ్యంగా ఉంది కదా అనుకునేదాన్ని. ఒకరోజు పాలు స్టవ్ మీద పెట్టి పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటోంది. నేను బడి నుంచి వచ్చి గేటు తీసేసరికే మాడు వాసన వీధిలోకి కొడుతోంది. లోపలికి పరిగెత్తాను. గిన్నె నల్లగా అయిపోయింది, పొగ ఇంకా ఆమెవైపు తిరగలేదు. నన్ను చూసి, గిన్నెను చూసి, పేపరు మడిచి పక్కన పెట్టింది. ఏడవలేదు. గిన్నె తోమడానికి కూర్చుంది. ఎంత తోమినా ఆ నలుపు పోలేదు, ఆమె లేవలేదు. అమ్మ వచ్చి చేతిలోంచి గిన్నె తీసుకుంది.

డాక్టరు చెప్పినట్టు పొద్దున్నా సాయంత్రమూ నాలుగు సీసాలు ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చేది. నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి తైలం. పీల్చి, కళ్ళు మూసుకుని, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలట. గుర్తుకు రావడానికి కష్టం లేదనీ, గుర్తు తప్ప ఇంకేమీ రావడం లేదనీ ఒకసారి నాతో అంది.

అలా రోజులు గడుస్తుండగా ఒకావిడ మా ఇంటికొచ్చింది. పెదపాడు వైపు మనిషి. వాళ్ళాయన కొల్లేటి దగ్గర చేపల చెరువులు చేస్తాడు. వాళ్ళమ్మాయి నా దగ్గర లెక్కలు చదువుకుంది, అందువల్ల నాకు పరిచయం. తాడేపల్లిగూడెంలో రోడ్డు మీద కొత్తగా రెస్టారెంటు పెట్టింది. వాళ్ళ బంధువులెవరో హైదరాబాద్ హోటల్లో చెల్లెల్ని చూసి, ఏలూరు అమ్మాయని కనుక్కుని ఆవిడకు చెప్పారట.

అమ్మ ఎదురుగానే కూర్చుని ఉంది. ఆవిడకేం తెలుసు, ఉన్నది ఉన్నట్టు మాట్లాడింది. చెల్లెలు వైన్ పొయ్యడంలో పెద్ద పేరు తెచ్చుకుందని విన్నామనీ, అలాంటి మనిషి ఇంత దగ్గరలో ఉండడం తమ అదృష్టమనీ అంది. అమ్మ చూపు గచ్చు మీదికి దిగిపోయింది. ఆవిడ తన కోరిక చెప్పింది. చెరువుల వాళ్ళింట చేపకు కొదవలేదు, కానీ నగరాల్లో తిరిగొచ్చినవాళ్ళు పైదేశాల చేప సాల్మన్ ఉందా అని అడుగుతున్నారు. విశాఖపట్నం నుంచి ఐసులో తెప్పించగలదు. వండడానికి వంటవాడున్నాడు. ఎలా వడ్డించాలో, పక్కన ఏ పానీయం ఇవ్వాలో చెప్పేవాళ్ళు లేరు.

"పిల్లాపాపలతో వచ్చేచోటండీ. మందు పెట్టమండీ మేము" అంది. "మందు లేకుండా ఆ చేపకు తగ్గది ఏదో మీరే చెప్పాలి."

చెల్లెలు వాసన సంగతి చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. చేస్తానంది.

ఆవిడ వెళ్ళాక అమ్మ నెమ్మదిగా అడిగింది, వాసన లేకుండా ఆ పని ఎలా చేస్తావే అని. చెల్లెలు నావైపు చూసి, "అక్కకుందిగా" అంది.

ఆ వారమే సాల్మన్ ఇంటికొచ్చింది. మన వైపు మాగ చేపని ఇండియన్ సాల్మన్ అని అమ్ముతారు గాని, దీనికీ దానికీ చుట్టరికం లేదని చెల్లెలు చెప్పింది. ముళ్ళు తీసిన పక్క ముక్క, పండిన బొప్పాయి రంగులో ఉంది. మధ్యమధ్య తెల్లటి కొవ్వు గీతలు. అమ్మ దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, చేప ఎర్రగా ఉండడమేమిటంది. చెల్లెలు గుడ్డతో తడి అద్ది తీసి, ఉప్పూ మిరియాలపొడీ రాసి, చర్మం వైపు కిందికి ఉండేలా పెనం మీద పెట్టింది. చర్మం కరకరలాడేదాకా కదపనివ్వలేదు. లోపల ఇంకా మెత్తగా ఉండగానే తీసేసింది. ఉడకలేదని అమ్మ అభ్యంతరం. ఇంకాస్త ఉంచితే ఎండు కొబ్బరిలా అయిపోతుందని చెల్లెలు చెప్పింది.

ఇది నూనె చేప, తింటే నాలుక మీద సన్నటి పొర మిగులుతుంది. పక్కనున్న గ్లాసు ఆ పొరని తీసెయ్యాలి, చేప రుచిని మాత్రం ముంచెయ్యకూడదు. ఆమె నాకు చెప్పిన సూత్రమంతా ఇదే. నేను చెయ్యాల్సింది, ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, ఏం జరిగిందో చెప్పడం.

మొదటిరోజు నేను పనికిరాలేదు. దేన్ని తాగినా బాగుందనో బాగోలేదనో అనేదాన్ని. చెల్లెలు ఓపిగ్గా విని, "బాగుంది అనేది వాసన కాదక్కా. దేనిలా ఉందో చెప్పు" అంది. నాకు ఆ మాటలు రావు. లెక్కల్లో జవాబు వస్తుంది లేదా రాదు. అయినా ప్రయత్నించాను. కళ్ళు మూసుకుని, తడిసిన సున్నం గోడలా ఉందన్నాను ఒకసారి. ఇంకోసారి, అప్పుడే తెరిచిన కొత్త పుస్తకంలా అన్నాను. చెప్పిన తర్వాత సిగ్గేసింది. ఆమె నవ్వలేదు. తలూపి, అది చల్లదనం వల్లో, పులుపు వల్లో ఆలోచించేది.

మజ్జిగ మొదటే పోయింది. చేప తిన్నాక మజ్జిగ తాగితే ఒంటిమీద తెల్లమచ్చలు వస్తాయని మన వాళ్ళ నమ్మకం, అమ్మ కూడా అదే అంది. నమ్మకం నిజమో కాదో గాని, జనం ముట్టుకోని గ్లాసు టేబుల్ మీద పెట్టకూడదని చెల్లెలు కొట్టేసింది. చెరకురసం తియ్యదనం చేప నూనెతో కలిసి నోరు జిడ్డు చేసింది. కొబ్బరినీళ్ళు పాపం చేప పక్కన ఎటుపోయాయో తెలియలేదు. నిమ్మకాయ సోడా తాగితే నిమ్మకాయ ఒక్కటే మిగిలింది.

అప్పుడు చెల్లెలు ద్రాక్షరసం గుర్తుచేసింది. తియ్యని ద్రాక్ష కాకుండా కాస్త పులుపున్న ద్రాక్షతో, చక్కెర వెయ్యకుండా చేస్తే తను పోసేదానికి చాలా దగ్గరగా వస్తుందట. ఆ పని ఈ ఊళ్ళో అమ్మ కన్నా బాగా ఎవరూ చెయ్యలేరు. వంటింట్లో అమ్మ వెనక నిలబడి, కొంచెం చేసిస్తావా అని అడిగింది.

అమ్మ చేతిలో పని ఆపింది.

"అది ఇవ్వలేనమ్మా. నేను ప్రార్థించుకుంటూ చేసేది. చేపల పక్కన పెట్టి అమ్మడానికి నా చేతులు రావు."

"సరేనమ్మా" అంది చెల్లెలు.

ఇంకేమీ అడగలేదు. వాదిస్తుందేమోనని నేను భయపడ్డాను. అమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, చాలాసేపు అక్కడే నిలబడింది. భోజనాల దగ్గర అమ్మ సరిగ్గా తినలేదు. అమ్మ కాదన్నది సొంత కూతుర్నే అని నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరిలో ఎవరిదీ తప్పనిపించదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ పక్కవీధికి వెళ్ళి, కొంగులో దబ్బాకులు కోసుకొచ్చింది. రెండు దబ్బకాయలు కూడా తెచ్చింది. బల్ల మీద పోసి, "ఇవి నలిపి చూడండి" అని తన పనిలోకి వెళ్ళిపోయింది.

ఎండాకాలంలో దబ్బాకు నలిపి మజ్జిగలో వేసుకోవడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటే. మజ్జిగ లేకుండా ఎప్పుడూ తాగలేదు. చెల్లెలు ఆకుల ఈనెలు తీసి, చేతితో నలిపి, చల్లటి నీళ్ళలో కాసేపు ఉంచి వడగట్టింది. దబ్బకాయ రసం కొద్దిగా, ఉప్పు చిటికెడు, పైన సోడా. నేను ముక్క తిని, గుక్క తాగాను.

ఆకు ముందు తెలుస్తోందా పులుపు ముందు తెలుస్తోందా అని అడిగింది. ఆకే ముందన్నాను. చేప తినకుండా తాగమంది. తాగి, అప్పుడు ఆకు వాసన ఇంకా గట్టిగా ఉందని చెప్పాను. మళ్ళీ చేప తిని తాగితే ఆకు వెనక్కి తగ్గి, చేపలోని ఉప్పు పైకొచ్చింది. నోట్లో జిడ్డు లేదు. అన్నీ నాకు వచ్చిన మాటల్లో చెప్పాను. ఆమె కూడా ఒక గుక్క తాగింది. పులుపూ, ఉప్పూ, చల్లదనం, సోడా చురుకూ ఆమె నాలుకకు తెలుస్తాయి. మిగతాది నా నోటి నుంచి వినాలి. గ్లాసు కింద పెట్టి, ఇక వెతకక్కర్లేదంది. ఇంటికొచ్చాక ఆమె ముఖంలో అలసట లేని రోజు నేను చూసింది అదే.

రెస్టారెంటు ఆవిడ ఒక శనివారం మధ్యాహ్నం కొంతమందిని భోజనానికి పిలిచింది. ఊళ్ళోని డాక్టర్లు, లెక్చరర్లు, చెరువుల వాళ్ళు. ఆ రోజు నచ్చితే సాల్మన్ ఉంచుతుంది, చెల్లెల్ని ఉద్యోగంలోకి తీసుకుంటుంది. అమ్మనూ నన్నూ కూడా రమ్మంది. అమ్మ రాదనుకున్నాను. పొద్దున్న చూస్తే చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని కూర్చుని ఉంది. ముగ్గురం రైలెక్కాం. భీమడోలులో ఎక్కినవాళ్ళకు చోటిచ్చి, అమ్మ మిగతా దారంతా కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది.

మేము వెళ్ళేసరికి వంటింట్లో గందరగోళంగా ఉంది. ఐసు పెట్టెలు తెచ్చిన రైలు బాగా ఆలస్యంగా వచ్చింది. ఒక పెట్టెలో ఐసు గట్టిగానే ఉంది, రెండోదాంట్లో చాలావరకు నీళ్ళయిపోయింది. వంటవాడు రెండో పెట్టెలోంచి ఒక కవరు కోసి, ముక్కను పళ్ళెంలో పెట్టి చెల్లెలి ముందుకు జరిపాడు. తను ఈ చేపను ఎప్పుడూ వండలేదనీ, వాసన చూసి ఇది పనికొస్తుందో లేదో ఆమే చెప్పాలనీ అన్నాడు. రెస్టారెంటు ఆవిడ పక్కనే ఉంది. అందరూ చెల్లెలివైపు చూస్తున్నారు.

ఆమె పళ్ళెం ఎత్తి ముక్కు దగ్గరకు తీసుకుంది. అలవాటుగా తీసుకుందో, ఏదైనా తెలుస్తుందని ఆశపడిందో నాకు తెలియదు. మళ్ళీ కింద పెట్టింది.

"నాకు వాసన తెలియదండీ" అంది ఆవిడతో. "జ్వరం వచ్చినప్పటి నుంచి లేదు. ఇన్నాళ్ళూ మా అక్కే చూసి చెప్పింది. ఈ ముక్క బాగుందో పాడైందో నేను చెప్పలేను."

రెస్టారెంటు ఆవిడ ముఖం ఎర్రబడింది. బయట అతిథులు రావడం మొదలైంది, కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ముందే చెప్పాల్సిందండీ మీరు" అంది.

"చెప్పాల్సిందేనండీ."

అంతకు మించి ఏ సాకూ చెప్పలేదు చెల్లెలు. నన్ను పిలిచింది. మొదటి పెట్టెలోని ముక్కనీ రెండో పెట్టెలోని ముక్కనీ ఒకదాని తర్వాత ఒకటి వాసన చూశాను. రెండూ ఒకటి కావు, అంతవరకు తెలిసింది. ఏది సరైనదో నమ్మకంగా చెప్పడానికి నాకు భయమేసింది. అంతమంది తినే తిండి. చెల్లెలు నా పక్కన నిలబడి ఒక్కొక్కటీ అడిగింది. ఉప్పు నీళ్ళ వాసనా, చెరువు వాసనా? రెండోది పులిసినట్టుందా? ఆ వాసన వెనక ఇంకేదైనా ఉందా? నేను చెబుతుంటే ఆమె వేలితో కండను నొక్కి చూస్తోంది. మొదటిది నొక్కి వదిలితే పైకి లేచింది. రెండోది గుంటపడి అలాగే ఉండిపోయింది. నేను పులిసిన వాసనే అన్నాను. ఆమె తలూపింది. రెండో పెట్టె మొత్తం తీయించేసింది.

ఉన్న చేప అందరికీ చాలదు. చెల్లెలు కత్తి తీసుకుని ముక్కల్ని చిన్నగా కోసింది. పెద్ద ముక్కతో కడుపు నింపే బదులు, ముందు ఇది కొంచెం రుచి చూపించి, తర్వాత చెరువు కొరమేను పులుసుతో అన్నం పెట్టించమని ఆవిడకు చెప్పింది. ఆవిడ ఇంకా కోపంగానే ఉంది గాని అలాగే చేయించింది.

నేను వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. లోపల జరిగింది అమ్మకు తెలియదు. చెల్లెలు ట్రే పట్టుకుని బయటికొచ్చింది. నేను కూడా ఆమె పనిచేస్తుండగా చూడడం అదే మొదటిసారి. ప్రతివారి కుడివైపుకి వెళ్ళి, గ్లాసు అంచుకు చెయ్యి తగలకుండా పోసి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడుతోంది. ముందు ఒక ముక్క తినండి, తర్వాత ఒక గుక్క తాగండి అని మెల్లగా చెబుతోంది. దబ్బాకు అని వినగానే ఒకరిద్దరి ముఖాలు విప్పారాయి. చిన్నప్పుడు తమ ఇళ్ళలో చేసేవాళ్ళన్న మాటలు మొదలయ్యాయి.

మా బల్ల దగ్గరే ఒక పెద్ద డాక్టరుగారు కూర్చున్నారు. ఆయన తిని, తాగి, ఇది బాగుంది గాని వైన్ ఉండి ఉంటే దీనికి ఏది పోసేదానివమ్మా అని అడిగారు. నేను అమ్మవైపు చూడలేదు. చెల్లెలు మాత్రం తడుముకోకుండా చెప్పింది. తియ్యదనం లేని తెల్ల వైన్, బాగా చల్లగా ఉండాలి. చేపని మసాలాతో కాలిస్తే తేలికపాటి ఎర్ర వైన్ కూడా ఇచ్చేదాన్నని, ఎందుకిచ్చేదో కూడా వివరించింది. ఆమె గొంతులో దాపరికం లేదు. డాక్టరుగారు శ్రద్ధగా విన్నారు. అమ్మ తన పళ్ళెంలోని ముక్క తిని, గ్లాసెత్తి తాగింది. మళ్ళీ ఇంకో ముక్క తిని, ఇంకో గుక్క తాగింది, చెల్లెలు చెప్పిన వరసలోనే.

తిరుగు రైల్లో సాయంత్రపు ఎండ ఒళ్ళో పడుతోంది. వంటింట్లో జరిగినదంతా చెల్లెలే అమ్మకు చెప్పింది. అమ్మ విని, అడిగింది:

"అక్కడ హైదరాబాద్‌లో కూడా ఇలాగే చేసేదానివా?"

"ఇలాగేనమ్మా. గ్లాసులో ఉన్నది వేరు."

"వాళ్ళు తాగి పాడైపోతారని నాకు దిగులుండేది" అంది అమ్మ. "ఆ దిగులు ఇప్పటికీ పోలేదు. కానీ నువ్వు మనుషుల్ని చూసుకునే పద్ధతి నాకు తెలియదు. ఈరోజు చూశాను."

చెల్లెలు అమ్మ చేతిమీద చెయ్యి వేసింది. ఏలూరు వచ్చేదాకా తియ్యలేదు.

రెస్టారెంటు ఆవిడ వారం దాకా కబురు పెట్టలేదు. తర్వాత తనే వచ్చింది. చేప కొనడం, రుచి చూసి ఎంచడం వంటవాడు చూసుకుంటాడనీ, వడ్డించేవాళ్ళకు పని నేర్పడానికి మాత్రం చెల్లెలు కావాలనీ చెప్పింది. చెల్లెలు అనుకున్న ఉద్యోగం అది కాదు. అయినా ఒప్పుకుంది. సాల్మన్ కొన్నాళ్ళు నడిచింది. రైళ్ళు ఆలస్యమైనప్పుడల్లా చేప పారెయ్యాల్సి వస్తుండటంతో ఆవిడ దాన్ని మానేసి ఇక్కడ దొరికే పండుగప్ప చేప పెట్టింది. దబ్బాకు నీళ్ళు మిగిలాయి. చెల్లెలికి వాసన కొంచెం తిరిగొచ్చింది గాని తప్పుగా వచ్చింది. ఇప్పుడు ఆమెకు కాఫీ కాలిన రబ్బరులా ఉంటుంది. నిమ్మకాయ ఒక్కటే, అది కూడా కొన్ని రోజులు మాత్రమే, నిమ్మకాయలా ఉంటుంది. డాక్టరు ఇంతకంటే మెరుగవుతుందని చెప్పలేదు.

మొన్న బడి సెలవుల్లో ఆమెతో తాడేపల్లిగూడెం వెళ్ళాను. మధ్యాహ్నం జనం రాకముందు, కొల్లేటి లంక ఊళ్ళ నుంచి వచ్చి అక్కడ వడ్డన పని చేస్తున్న ఒకావిడ గ్లాసులు తుడుస్తోంది. తుడుస్తూ, వైన్ వాసన ఎలా ఉంటుందండీ మేడమ్, మా ఆయన తాగే సారా లాగే ఉంటుందా అని అడిగింది. చెల్లెలు ఆమె ఎదురుగా కూర్చుని, సాల్మన్‌తో పోసే ఒక తెల్ల వైన్ గురించి చెప్పింది. ముందు దోర జామకాయ కొరికినట్టు ఉంటుందట. తర్వాత వానకు తడిసిన రాయి. మింగాక, చాలాసేపటికి, సముద్రపు గాలి పెదవుల మీద వదిలే ఉప్పు లాంటిది.

"నాకు గుర్తున్నంతవరకు" అంది.

ఆవిడ చేతిలోని ఖాళీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. బయట కారు ఆగిన చప్పుడైంది. చెల్లెలు చీర సర్దుకుని లేచి, వచ్చినవాళ్ళకు ఎదురు వెళ్ళింది.